సన్నపిల్ల కాదు, సన్నగొట్టం

మధురానగర్‌లో ఒక లేడీస్ హాస్టల్ బాల్కనీకి బిగించిన ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లో ఉంటాను నేను. అల్యూమినియం రేకుల్లోంచి మెలికలు తిరిగిన రాగి గొట్టాన్ని. ఒళ్లు 5 మిల్లీమీటర్లు. మా పాతతరం వాళ్లు తొమ్మిదిన్నర దాకా ఉండేవారు. రాగి ఖరీదు మమ్మల్ని చిక్కిపోయేలా చేసింది.

చిక్కిపోయామని జాలిపడక్కర్లేదు. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లున్న గొట్టం తీసేసి 5 మిల్లీమీటర్లవి నాలుగు పెట్టండి. గ్యాస్ పోయే దారి అంతే ఉంటుంది, దాన్ని తాకే గోడ మాత్రం రెట్టింపవుతుంది. ఇక ప్రవాహం సుడులు లేకుండా నింపాదిగా సాగితే, గోడ అంతటా ఒకే వేడిలో ఉన్నప్పుడు, గుండ్రటి గొట్టంలో వేడి దాటే తీరుని చెప్పే నస్సెల్ట్ సంఖ్య 3.66 దగ్గరే ఆగిపోతుంది. అలాంటప్పుడు వ్యాసం సగం చేస్తే వేడి దాటే జోరు రెండింతలు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ ఈ కిటుకునే పట్టుకున్నారు. సిలికాన్‌లో 50 మైక్రాన్ల వెడల్పు కాలువలు చెక్కి, నీళ్లు పారించి, చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల వేడిని లాగేశారు.

నాలో నింపాదితనం ఎక్కడిది! కంప్రెసర్ తోసిన ఆర్32 గ్యాస్ ఆవిరిగా దూసుకొచ్చి ద్రవంగా వెళ్తుంది. మే నెల మధ్యాహ్నం ఒత్తిడి 30 బార్లు దాటినా నా పల్చటి గోడ తట్టుకుంటుంది. వ్యాసం తగ్గితే గోడని చీల్చే బలమూ తగ్గుతుంది మరి. కాకపోతే లావు గొట్టంలో పోయే గ్యాసంతా, అందులో సగం వ్యాసమున్న నా ఒక్కదానిలో కూరితే ఒత్తిడి నష్టం దాదాపు 30 రెట్లు! కంప్రెసర్ రొప్పుతుంది, కరెంటు మీటరు పరుగెడుతుంది. అందుకే గ్యాస్‌ని పాయలుగా చీల్చి మా అందరికీ పంచుతారు.

ఇంత చేసినా గ్యాస్ వదిలిన వేడిని చివరికి గాలికే అప్పజెప్పాలి. అసలు అడ్డంకి అక్కడే ఉంది. గాలి వేడిని అంత తేలిగ్గా తీసుకోదు. అందుకే నా చుట్టూ అన్ని రేకులు. వాటి మధ్య సందు మిల్లీమీటరున్నర లోపే. ఆ సందుల్లో బాల్కనీ తువ్వాళ్ల నూగు, మెట్రో కింది రోడ్డు దుమ్ము చేరి దుప్పటిలా మందంగా పేరుకున్నాయి. గది చల్లబడటం మానేసింది.

“గ్యాస్ కొట్టాలా తమ్ముడూ?” అని వార్డెనమ్మ మెకానిక్‌ని అడిగింది. గ్యాస్ అయిపోయిందనుకోవడం ఈ ఊళ్లో అందరికీ అలవాటే.

“గ్యాస్ ఫుల్లుగనే ఉందక్కా. కాయిల్ మొత్తం జామైంది, గాలి ఆడ్తలేదు.”

పంపుతో లోపలి వైపు నుంచి నీళ్లు కొట్టాడు. బూడిదరంగు దుమ్ము చెక్కలు చెక్కలుగా ఊడిపడింది. వంగిన రేకుల్ని దువ్వెనతో సరిచేస్తూ, “ఇది కాపర్‌ది గాబట్టి కన్నం పడ్డా బ్రేజింగ్ చేస్త. ఆ మైక్రోచానెల్ అల్యూమినియం కాయిలైతే మార్చుడే” అన్నాడు. ఆ చానెళ్లలో గ్యాస్ పోయే దారులు నాకంటే సన్నం, మిల్లీమీటరు అటూ ఇటూ. నా పొగడ్త వినకుండానే ఆవిడ సర్వీసు చార్జీ దగ్గర బేరం మొదలుపెట్టింది.