పక్క సైటాయన ఉండగా మనకేల చింత

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, పిల్లలకు బడి లేదు, ఎల్లోస్టోన్ చూపించాలి. ఇంకేం, ఆర్వీ అనే చక్రాల ఇల్లు అద్దెకు తీసుకోండి. మామూలు కారు లైసెన్సు చాలు. తాళాలిచ్చే ముందు ఏ మీట ఎందుకో చూపిస్తామని అద్దెకిచ్చేవాళ్లు ఓ గంట ఉండమంటారు. ఆ గంటలో ఇండియన్ స్టోరుకెళ్లి కరివేపాకు, దోసెల పిండి తెచ్చుకోవచ్చు. దారిపొడవునా నేర్పేవాళ్లు ఉండగా ముందే నేర్చుకుని వాళ్ల సరదా చెడగొట్టడం దేనికి?

అడగనిదే అమ్మైనా పెట్టదని మనవాళ్లు అన్నది క్యాంప్‌గ్రౌండ్లు చూడక. బండి పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఒక్కసారి నిట్టూర్చండి. పక్క సైటులోంచి టోపీ పెట్టుకున్న పెద్దాయన పానాల పెట్టెతో వచ్చేస్తారు.

బండి ఎత్తెంతో చీటీ రాసి స్టీరింగు దగ్గర అంటించుకునే పిరికివాళ్లు కొందరుంటారు. నార్త్ కరొలినాలోని డరమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తున ఓ రైలు వంతెన ఉండేది. ఎన్ని బోర్డులు, దీపాలు పెట్టినా ట్రక్కులు వచ్చి పైకప్పులు ఊడగొట్టుకుంటూనే ఉండేవి. 2019లో దాన్ని మరో 8 అంగుళాలు ఎత్తారు. ఆ తర్వాతా గుద్దుతూనే ఉన్నారు. కొలతల వల్ల ప్రయోజనం లేదని తేలిపోయిందిగా!

పొడవు సంగతీ అంతే. గ్లేసియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మీది 28 అడుగులదా? వెళ్లి చూడండి. వెనక్కి తిప్పేటప్పుడు మీ ఆవిడను మాత్రం వెనక నిలబెట్టకండి, సంసారం కదా. నాన్నగారిని నిలబెడితే ఆర్టీసీ కండక్టరులా బండి డొక్క మీద చరుస్తారు తప్ప ఎటు తిప్పాలో చెప్పరు. వెనక కారులోంచి ఎవరో దిగి రెండు చేతులూ ఊపుతారు. ఆయన పేరు అడగనక్కర్లేదు.

అసలు విద్యంతా ట్యాంకుల దగ్గరుంది. సింకు నీళ్లు, స్నానం నీళ్లు గ్రే ట్యాంకులోకి పోతాయి, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకులోకి. చాదస్తులు బ్లాక్ వాల్వును ట్యాంకు నిండేదాకా మూసే ఉంచుతారు. ముందు దాన్ని వదిలి, ఆ తర్వాత గ్రే వాల్వు తీస్తారు. సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయట. ఎల్లోస్టోన్ లోపల సైటులోనే మురుగు గొట్టం తగిలించుకునే వీలు ఒక్క ఫిషింగ్ బ్రిడ్జి ఆర్వీ పార్కులోనే ఉంది. మీరు అక్కడ దిగగానే బ్లాక్ వాల్వు తెరిచేసి మరిచిపోండి. నీళ్లు జారిపోతాయి, పోవలసింది లోపలే గుట్టపడి గట్టిపడుతుంది. అమ్మగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న రోజున పెద్దాయనే చేతి తొడుగులు వేసుకుని వస్తారు. తన నీళ్ల గొట్టం తెచ్చి, ట్యాంకులోకి నీళ్లు నింపి, నానబెట్టి, వదిలి, మళ్లీ నింపి, "మొదట్లో అందరికీ ఇంతేలే" అంటారు. ఈ సేవ కన్నకొడుకునైనా అడగలేం. ఆ సమయంలో మీరు ఫోను మాట్లాడుతూ కాస్త ఎడంగా నిలబడడం మర్యాద.

కరెంటుకు అంత ఓర్పు అక్కర్లేదు. 30 ఆంపుల కనెక్షను మోసేది 3,600 వాట్లే కాబట్టి ఏసీ, మైక్రోవేవ్, ఇన్‌స్టంట్ పాట్ ఒకేసారి పెట్టండి. చీకటైపోగానే తలుపు తీసి నిలబడితే చాలు, టార్చిలైట్లు వాటంతటవే వస్తాయి.

ఇంత చేశారు కదా అని పెద్దాయనకు పులిహోర పట్టుకెళ్లే పని మాత్రం పెట్టుకోకండి. కుర్చీ వేసి కూర్చోమంటారు. ఉద్యోగం నుంచి దిగాక ఇల్లు అమ్మేసి బండెక్కిన సంగతి, భార్య పోయాక కూడా ఆమె సీటులో ఎవరినీ కూర్చోనివ్వని సంగతి చెప్పుకొస్తారు. ఓ సాయంత్రం పోయినట్టే. పైగా నాన్నగారికి ఆ కబుర్లు నచ్చితే రెండో సాయంత్రమూ పోతుంది. సాయం పుచ్చుకోవడం వరకే మన పని.

1966లో గుడ్ శామ్ క్లబ్ అని ఒకటి పుట్టింది. దారిలో బండి ఆగిపోయినవాళ్లకు సాయం చేస్తామని చెప్పుకునేవాళ్లు బంపరు మీద ఓ స్టిక్కరు అంటించుకునేవారు. ఇప్పుడు అదే పేరుతో రోడ్డు సాయం డబ్బుకు అమ్ముతున్నారు. మీరు కొనకండి, దండగ. అలాంటి స్టిక్కరు ఇతరుల బండి మీద కనిపిస్తే గుర్తుపెట్టుకోండి కానీ మీ బండికి అంటించకండి. అంటిస్తే ఆగాల్సి వస్తుంది.

ఇక తెల్లారుజామునే బయల్దేరండి, వీడ్కోళ్ల బెడద ఉండదు. యాభై మైళ్లు పోయాక పెద్దాయన నీళ్ల గొట్టం మీ డిక్కీలోనే ఉండిపోయిందని తెలియవచ్చు. వెనక్కి మళ్లకండి. 28 అడుగుల బండిని నడిరోడ్డు మీద తిప్పడం మాటలా? వెనక నిలబడి చేతులూపడానికి ఆయన కూడా లేరాయె.