బావగారి వేసవి పద్దు

మా అక్కయ్య భర్త, అనగా మా బావగారు, ఒక ప్రభుత్వ కార్యాలయమున ముప్పదియైదు సంవత్సరములు జమాఖర్చులు వ్రాసి పదవీవిరమణ చేసిరి. కార్యాలయము ఆయనను విడిచినది గాని జమాఖర్చులు ఆయనను విడువలేదు. ఇట్టివారు ప్రతి కుటుంబమునను ఒకరైనను ఉందురు. మీ యింట లేరందురా, మీ వియ్యంకుల యింట ఉందురు. అక్కడను లేరందురా, ఆ మహానుభావులు మీరే కావచ్చును, ఒకసారి అద్దము చూచుకొనుడు. వీరికి వేసవి విహారమన్న ద్వేషమని లోకము పొరపడును. ద్వేషము కాదు సరిగదా, అమితమైన ప్రీతి. అయితే ఆ ప్రీతి, బయలుదేరుటకు ముందు ఎంతగునో లెక్కకట్టుటయందును, తిరిగి వచ్చిన పిమ్మట ఎంతయినదో చెప్పి నిట్టూర్చుటయందును ఉండును. నడుమ వచ్చెడి కొండలును, కోనలును, సరస్సులును ఆ రెండు లెక్కల నడుమ గీచిన గీత వంటివి.

ఆయన యొద్ద ఒక పద్దుపుస్తకము కలదు. పొడుగాటి కాగితములు, ఎఱ్ఱగుడ్డ అట్ట, దారపుకుట్టు. ప్రతి వేసవికిని అందొక పుట. ఎడమప్రక్క ‘అంచనా’, దాని సరసన ‘అసలు’, కుడి అంచున సన్నని గడిలో ‘ఇంట్లో అయితే’. ఈ మూడవ గడియే బావగారి ప్రతిభకు తార్కాణము. పరాయి ఊరి హోటలులో ఇడ్లీ తిన్నచో, ఆ ఇడ్లీయే మా అక్కయ్య చేసిన ఎంతలో అయ్యెడిదో, బియ్యపురవ్వ, మినప్పప్పు, గ్యాసు, గ్రైండరు తిరుగుటకైన విద్యుత్తు, సమస్తమును లెక్కగట్టి (మా అక్కయ్య శ్రమ యొక్కటి దప్ప) అందు వ్రాయుదురు. ఆ రెండు అంకెలకును గల అంతరమును చూచి ఆయన ముఖమున కలిగెడి విషాదములో ఒక తృప్తియు కలదని నేను చాలకాలమునుండి కనిపెట్టుచున్నాను.

గత వత్సరము, అనగా 2025లో, మాఘమాసమున ఒకనాటి ప్రాతఃకాలమున ఆయన నాకు ఫోను చేసిరి.

“ఏమోయ్, మనవణ్ణి ఎక్కడికైనా తిప్పాలని మీ అక్క ఒకటే గోల. ఊటీ అయితే తలకెంత పడుతుందో చూశాను. చెప్పమంటావా?”

వద్దనుటకు వీలులేని ప్రశ్న యది. ఆయన చెప్పిరి, నేను వింటిని, వినుచుండగనే మా యిద్దరి తలలును ఆ లెక్కలో చేరిపోయినవని నాకు ఫోను పెట్టివేసిన తరువాత గాని తెలియలేదు.

రైలు రిజర్వేషను ప్రయాణమునకు 120 దినములు ముందుగా తెఱచుచుండిన కాలమున బావగారు కొంత సుఖముగ నుండెడివారు. 2024 నవంబరు 1 నుండి ఆ గడువు 60 దినములకు తగ్గుటతో, నాలుగు నెలలు పలుచగా పారవలసిన బెంగ యంతయు రెండు నెలలలో ఇమిడి పాకమువలె చిక్కనైనది. ఆ అరువదవ దినమున ఉదయము ఏడున్నరకే ఆయన స్నానసంధ్యలు ముగించి, ఫోనును దేవుని పటము ముందుంచి, ఎనిమిది గంటలకై గడియారపు ముల్లును చూచుచు కూర్చుండిరట. టిక్కెట్లు దొరకినవి. దొరకిన సంతోషము రెండు నిమిషములైనను నిలువలేదు. ఏలన, టిక్కెట్టు చూడగానే ఆయనకు తన పాతగాయము జ్ఞప్తికి వచ్చినది.

ఆ గాయము చరిత్ర యిది. అరువదియేండ్లు నిండిన పురుషులకు రైలు ఛార్జీలో నూటికి నలువది వంతులును, ఏబదియెనిమిది నిండిన స్త్రీలకు సగమును తగ్గించెడి సదాచారమొకటి మన రైల్వేలలో ఉండెడిది. యౌవనమంతయు ఆయన ఆ నలువది వంతులపై కన్నువేసి వృద్ధాప్యమునకై ఎదురుచూచిరి. 2020 మార్చిలో ఆ రాయితీ ఆగిపోయినది. జూను మొదటివారమున ఆయనకు అరువదియేండ్లు నిండినవి. మేమందఱము షష్టిపూర్తికి పట్టుబట్టలు తీసికొనిపోగా, “రెండున్నర నెలలు ముందు పుట్టినా బాగుండేదోయ్” అని ఆయన కన్నులు తుడుచుకొనిరి. అట్లు పుట్టినను ఆయనకు దక్కెడివి కొలదిదినములే యనియు, ఆ తరువాత రైళ్లే నిలిచిపోయెననియు చెప్పుటకు ఆ శుభసమయమున నాకు నోరాడలేదు. మా అక్కయ్య తన వయస్సు ఎవ్వరికిని చెప్పదు గావున ఈ విషయమున ఆమెకు వచ్చిన నష్టమేమియు లేదు.

మనవని టిక్కెట్టు సంగతి వేఱు. అయిదేండ్లు దాటి పండ్రెండు నిండని పిల్లలకు బెర్తు కావలసినచో పూర్తి ఛార్జీ, బెర్తు వలదన్నచో సగము. 2016 నుండి ఇదియే విధి. వానికి ఆరేండ్లు. “వాడెంతున్నాడని బెర్తు? నా పక్కన ముడుచుకుని పడుకుంటాడు” అని బావగారు సగము టిక్కెట్టు తీసిరి. గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితిమి. పులిహోర తిని, మీగడపెరుగన్నము తిని, ఆ బాలుడు తాతగారి బెర్తుపై అడ్డముగా, ఆకాశమున ధ్రువనక్షత్రము వలె స్థిరముగా శయనించెను. అర్ధరాత్రివేళ నాకు మెలకువ వచ్చి చూడగా బావగారు నా పాదముల యొద్ద, బెర్తు కొసన, సంచి ఒడిలో పెట్టుకొని, కూర్చున్నచోటనే తూగుచుండిరి.

“ఇదేమి బావగారూ?”

“నాకు ప్రయాణాల్లో నిద్ర పట్టదోయ్. మొదట్నుంచీ అంతే.”

అట్లనుచునే ఆయన వాని కాళ్లపై దుప్పటి సరిచేసిరి. ఉదయమున పుస్తకములో ‘బెర్తు మిగులు’ అని వ్రాసి, అంకె వేసి, దానిక్రింద రెండుగీతలు గీచిరి. ఆ అంకెను నేను చూచితిని. దానికై రాత్రియంతయు మేల్కొనుట బుద్ధిమంతుల పని కాదు. కాని ఆ అంకెను చూచునప్పుడు ఆయన ముఖమున వెలసిన కాంతిని కొనవలెనన్న అంతకు పదిరెట్లైనను చాలదు.

మేట్టుపాలయము నుండి ఊటీకి ఎక్కెడి చిన్నరైలును గూర్చి ఆయనకు నా యెఱిగినంతలో ఏ కవికిని లేనంత పారవశ్యము. ఆ మార్గము 1899లో కూనూరు వరకును, 1908లో ఊటీ వరకును వచ్చినది. కల్లారు దాటినది మొదలు కూనూరు దాక రెండు పట్టాల నడుమ పండ్లపట్టా యొకటి పఱచి, ఇంజను పండ్లచక్రము దానిలో గఱచుకొని, పొగరైలు పైకి ప్రాకును. లోయలు తెఱచుకొన్నవి, సొరంగములు మ్రింగి ఉమిసినవి, కిటికీలనుండి మేఘములు లోపలికి వచ్చినవి. మా ఆవిడ చేతులు జోడించినది. బావగారు నావైపు వంగి మెల్లగా అనిరి: “నలభై ఆరు కిలోమీటర్లు. బస్సయితే రెండు గంటల్లో కింద దింపి పొమ్మంటాడు. ఇది దగ్గర దగ్గర అయిదు గంటలు. గంట లెక్కన చూస్తే దీనంత చవక ప్రయాణం దేశంలో లేదు.” ఎంత మెల్లగా పోయిన అంత లాభమన్న ఈ సిద్ధాంతమును అర్థశాస్త్రజ్ఞులు ఇదివఱకు గ్రహింపకపోవుట వింత. నడుమ ఇంజను నీరు త్రాగుటకు నిలిచినపుడు, ఆ యాలస్యమునకు బోగీలో విసుగుకొననివారు ఆయన యొక్కరే.

ఇక ఈ-పాసు ముచ్చట. మద్రాసు హైకోర్టు ఉత్తర్వు మేరకు 2024 మే 7 నుండి నీలగిరులకు వెళ్లెడి వాహనములకు ఈ-పాసు తీసికొనవలెను; రుసుము లేదు. మేము పోయినది రైలులో గదా, పాసుతో మనకేమి పని? అయినను బావగారు గుంటూరులో గోనెపట్టా కప్పుకొని నిద్రించుచున్న తన పాతకారు పేర ఒక పాసు తీసిరి. “ఊరికే వస్తుంటే వదులుకోవడం దేనికి?” ఆ వేసవి పుటలో సున్న వేసిన పద్దు అదొక్కటే. దానినాయన రెండుమూడుసార్లు మాకు చూపిరి.

ఊటీలో బస. గదిలో వంట నిషిద్ధమని తలుపు వెనుక ఆంగ్లమునను అరవమునను వ్రాసియుండుట చూచి, తెలుగున వ్రాయలేదు గావున అది మనకు వర్తింపదని తీర్మానించి, బావగారు తన సంచినుండి చీరలో చుట్టిన చిన్న విద్యుత్ కుక్కరును వెలికితీసిరి. మా అక్కయ్య కందిపొడి, గోంగూర, ఆవకాయ, నేతిసీసా వరుసగా కిటికీ అంచున పేర్చినది. బియ్యము కడిగి ఎక్కించితిమి. ఊటీ సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తుననున్నది. అంత ఎత్తున నీరు 93 డిగ్రీల ప్రాంతముననే మరిగిపోవును. గుంటూరు కుక్కరునకు ఈ రహస్యము తెలియదు. అన్నము పలుకుపలుకుగా నిలిచినది. మఱికొంత నీరుపోసి మరల మీట నొక్కిరి. ఆ మీట నొక్కుటయే తడవుగా ఆ అంతస్తు సర్వము చీకటిలో మునిగినది. అప్పుడు బావగారు చూపిన సమయస్ఫూర్తిని నేను జన్మలో మఱువను. కుక్కరును దుప్పటిక్రింద త్రోసి, తలుపు తీసికొని అందఱికంటె ముందుగా వరండాలోనికి పోయి, “ఏమండీ, ఇంతింత అద్దెలు పుచ్చుకుంటారు, కరెంటు కూడా ఉండదేం?” అని కేకవేసిరి. కుఱ్ఱవాడు పరుగెత్తుకొనివచ్చి క్షమాపణ చెప్పి ఒక క్రొవ్వొత్తి యిచ్చెను. ఆ క్రొవ్వొత్తి వెలుగున మేము ఆవకాయతో ఆ పలుకుల అన్నమును నమిలితిమి. మూడవ గడిలో ‘క్రొవ్వొత్తి’ అని వ్రాసి ఇంట్లో అయితే ఎంతో వేయుచున్న ఆయన నీడ గోడపై కొండంత కనబడెను.

తిరిగి వచ్చిన తరువాతను ఆ యాత్ర ముగియలేదు. జూలై 1న రైలు ఛార్జీలు పెరిగినవి. ఎక్స్‌ప్రెస్ రైళ్ల ఏ.సి. తరగతులకు కిలోమీటరుకు రెండుపైసలు. ఆ ఉదయమే ఆయన ఫోను: “చూశావా, వెయ్యి కిలోమీటర్లకి తలకి ఇరవై రూపాయలు తప్పించాను.” సెప్టెంబరు 22న 7,500 రూపాయల లోపు గదులపై పన్ను నూటికి పండ్రెండు నుండి అయిదునకు దిగినది. ఆనాడు ఫోను లేదు. నేనే చేయగా అక్కయ్య ఎత్తి, “మీ బావగారికి ఒంట్లో బాగాలేదురా, పడుకున్నారు” అన్నది.

అయితే ఈ వ్యాసమునకు నన్ను పురికొల్పినది ఈ చేష్టలు కావు. వాటాలు తేల్చుకొనుటకు వారి యింటికి పోయిన దినమున, “నువ్వే సరిచూసుకో, తరవాత నన్ననొద్దు” అని ఆయన ఆ ఎఱ్ఱపుస్తకమును నా చేతికిచ్చి పెరటిలోనికి పోయిరి. ఇట్టివారి పుస్తకము చేతికి దొరకినప్పుడు వెనుకకు త్రిప్పనివాడెవడు? త్రిప్పితిని. 1989 వేసవి పుట తగిలినది. బస్సు, పెద్దలు ఇద్దఱు, అరలు రెండు: 21 రూపాయలు. రిక్షా: 3. అరటిపండ్లు, అత్తగారింటికి: 5. వసతి అన్న పద్దు ఎదుట అడ్డుగీత. భోజనము ఎదుట అడ్డుగీత. దినములు: 41. ‘ఇంట్లో అయితే’ అన్న గడిలో నలువదియొక్క దినముల పాలు, కూర, కిరసనాయిలు లెక్క వేసియున్నది. అడుగున, ‘అత్తగారు బట్టలకు ఇచ్చినది 200, జమ. యాత్ర మీద మిగులు’ అని వ్రాసి రెండుగీతలు.

ఆ యిల్లు మా యిల్లు. రేపల్లె దారిలో, కాలువగట్టు ప్రక్క. వేసవి వచ్చినంతనే అక్కయ్యయు బావగారును పిల్లలతో దిగెడివారు. డాబాపై వరుసగా పక్కలు, పందిరిక్రింద ముంజెలు, గడ్డిలో మాగవేసిన చిన్నరసాలు, సాయంకాలము నూతి యొద్ద స్నానములు. అమ్మ పోయిన మఱుసటి యేట, పల్లెలో ఎవరుందురు, మరమ్మతులకే సగము జీతమగుచున్నదని, ఆ యింటిని అమ్మివేయుదమని పట్టుబట్టినవాడను నేను. వలదన్నవారు బావగారొక్కరే. “అమ్మేస్తే వేసవికి ఎక్కడికి పోతామోయ్?” అని ఆయన ఆనాడు అనగా, ఈయనకు ఎప్పుడును ఉచిత భోజనముపైననే చూపని నేను నలుగురితో చెప్పి నవ్వితిని. అప్పటినుండి ప్రతి వేసవియు మేము గదులు వెదకుకొనుచున్నాము. 

బావగారు రెండు కాఫీలు తెచ్చి కూర్చుండిరి. పుస్తకము ఎక్కడ తెఱచియున్నదో చూచి, ఏమియు అనక, తామే పుటలు త్రిప్పి 2025కు తెచ్చిరి. నా వాటా 14,362 రూపాయల 50 పైసలు. ఏబదిపైసలతో సహా ఫోనుమీద పంపితిని. అంతటితో లేచిపోవలసినవాడను. లేవలేకపోయితిని.

“బావగారూ, కూనూరు స్టేషన్లో నా పేర మూడు కాఫీలు రాశారు. నేను తాగింది రెండే.”

ఆయన తలయెత్తి నావైపు చూచిరి. నలువదియేండ్ల బాంధవ్యములో ఆయన నన్ను అంత ఆప్యాయముగా చూచుట అదియే మొదలు. కలము తీసి మూడును కొట్టివేసి రెండు వేసి, ప్రక్కన పొడి సంతకము చేసి, పాతిక రూపాయలను జేబులోనుండి వెదకి నా చేతిలో పెట్టిరి. పిమ్మట బొటనవ్రేలు తడిచేసికొని ఒక తెల్లపుట త్రిప్పిరి.

“వచ్చే వేసవికి కేరళ అయితే తలకెంత పడుతుందో చూశాను. చెప్పమంటావా?”

నేను కుర్చీ ఇంకొంచెము దగ్గఱకు జరుపుకొంటిని.