మీరు ఏ నీళ్ళు తాగుతారు?

గ్రాండ్ కేన్యన్ చూడబోయే మనిషిని మీరు ఏ నీళ్ళు తాగుతారని ముందుగా అడగడం ఈ మధ్య వచ్చిన చోద్యం. మామూలు నీళ్ళా, సోడాలా బుడగలొచ్చేవా, చల్లనివా, కానివా? మా పెళ్ళిరోజుకని మా అబ్బాయి బుక్ చేసిన ‘ప్రైవేట్ లగ్జరీ టూర్’ వాళ్ళు పంపిన ఫారంలో ఇదొక ప్రశ్న. దాని కింద ఇంకా చాలా ఉన్నాయి. పడని తిండి ఏమిటి, మోకాళ్ళ సంగతేమిటి, బండిలో ఏ పాటలు పెట్టాలి, ఎత్తులంటే భయముందా. ఆ చివరిదానికి ‘ఉంది, ఉండాలి కూడా’ అని రాశాను. మా అబ్బాయి అది కొట్టేసి ‘లేదు’ అని పెట్టాడు.

మా రోజుల్లో ఇలాంటి ఫారాలు లేవు. డెబ్బైల నడుమ మేం అరిజోనాలోని టెంపీలో చదువుకునేవాళ్ళం. నలుగురం కలిసి నాలుగు వందల డాలర్లకి ఒక పాత డాడ్జ్ డార్ట్ కొన్నాం. అప్పట్లో చమురు కరువని దేశమంతటా గంటకు 55 మైళ్ళకు మించి పోకూడదని 1974లో చట్టం చేశారు. మా బండికి ఆ చట్టంతో పని పడలేదు. ఫీనిక్స్ దాటి ఉత్తరంగా కొండెక్కే చోట ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపుకోమని బోర్డు ఉంటుంది. మాకు ఆపడానికి ఏసీ ఉంటేగా! పైగా ఇంజన్‌ని చల్లబరచాలంటే హీటర్ పెట్టాలి. రేడియేటర్ వేడంతా ఆ దారిన కారులోకి వచ్చేస్తుంది. జూన్ నెలలో, అరిజోనా ఎండలో, నలుగురు తెలుగువాళ్ళు హీటర్ వేసుకుని, అద్దాలు దించుకుని, తలకు తడి తువాళ్ళు చుట్టుకుని వెళ్ళడం ఊహించుకోండి. సగ్వారో జెముడు చెట్లు వెనకబడి, ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర పొడుగాటి పైన్ చెట్ల గాలి మొహానికి తగిలినప్పుడు మాకు కలిగిన సుఖం ముందు ఏ లగ్జరీ అయినా దిగదుడుపే.

డిక్కీలో పులిహోర ఉండేది. ఊళ్ళో మన సరుకుల కొట్టు లేదు. చింతపండు మెక్సికన్ కొట్లో దొరుకుతుందని కనిపెట్టినవాడు ఆ ఏడాదంతా మా గదికి మహరాజు.

ఇప్పుడొచ్చిన బండి నల్లద్దాల వ్యాన్. తోలు కుర్చీలు. కొండెక్కుతున్నామో దిగుతున్నామో తెలియదు, చెవులు గింగురుమంటే తప్ప. జెముడు చెట్లు ఎక్కడ ఆగిపోయాయో, పైన్ చెట్లు ఎక్కడ మొదలయ్యాయో నేను చూడనేలేదు, ఆ సమయానికి సీటు నా నడుం పిసుకుతోంది. మా ఆవిడ పొద్దున్నే లేచి స్టీలు డబ్బాలో కలిపిన పులిహోరను ‘అమ్మా, లంచ్ వాళ్ళే ఇస్తారు’ అని మా అబ్బాయి వంటింటి గట్టు మీదే వదిలేసి వచ్చాడు. వాళ్ళిచ్చిన లంచ్ సంగతీ చెప్పాలి. చెక్క పలక మీద చీజ్ ముక్కలు, ద్రాక్షపళ్ళు, ఆలివ్‌లు, క్వినోవా సలాడ్. అన్నం లేని భోజనానికి తెల్లగుడ్డ పరిచి మరీ వడ్డించారు.

గైడు కుర్రాడు మంచివాడే. నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఈ దేశంలో పాలుగారే పసివాడు కూడా పేరు పెట్టే పిలుస్తాడు, అది ఏనాడో అలవాటైంది. కానీ చెయ్యి పట్టుకుని వ్యాన్ మెట్టు దింపుతూ పిలిస్తే ఎందుకో మండింది. నా పర్సులో సీనియర్ పాస్ ఉంది. 2017లో దాని ధర 80 డాలర్లు చేయకముందు, పది డాలర్లకే బతికినంత కాలం చెల్లేట్టు కొన్నది. అది చూపిస్తే ఏ నేషనల్ పార్కులోకైనా నన్నూ, నా కారులో ఉన్నవాళ్ళనూ ఉచితంగా వదులుతారు. గేటు దగ్గర ఆశగా తీశాను. ‘అదంతా ప్యాకేజీలో ఉంది’ అన్నాడు కుర్రాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

అసలు కడుపుమంట అంచు దగ్గర మొదలైంది. జనం లేని ఒక మలుపు దగ్గర వ్యాన్ ఆపి, మమ్మల్ని కళ్ళు మూసుకోమన్నాడు. చెయ్యి పట్టి నడిపించి, నిలబెట్టి, ‘ఇప్పుడు తెరవండి’ అన్నాడు. శుక్లాల ఆపరేషనయ్యాక కట్టు విప్పినట్టు తెరిచాం. మా ఆవిడ ‘బావుందండీ’ అంది. మా మనవడు ఫోన్‌లో ఆమె ముఖం వీడియో తీస్తున్నాడు. నాయనమ్మ ఎలా ఆశ్చర్యపోతుందో పట్టుకోవాలట. ఆమె ఎలా ఆశ్చర్యపోవాలో తెలియక కెమెరా వైపు చూసి నవ్వింది.

ఆ రోజుల్లో మేం నలుగురం మొదటిసారి వచ్చినప్పుడు చీకటి పడింది. మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో తడుముకుంటూ డేరా వేశాం. లోయ ఎటుందో తెలియదు. మాలో ఒకడిది కడప జిల్లా. గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండల్ని కోసిన చోటు చూసి పెరిగినవాడు. దారి పొడుగునా ‘మా గండికోట ముందు ఇదెంత’ అని మా బుర్రలు తిన్నాడు. తెల్లారగట్ల నలుగురం పళ్ళు తోముకుంటూ చెట్ల మధ్య నడిచాం. నాలుగు చెట్లు దాటగానే అవతల నేల లేదు. చెప్పినవాడు లేడు, కంచె లేదు, పాట లేదు. కడపవాడు బ్రష్ నోట్లో పెట్టుకునే చతికిలబడ్డాడు. చాలాసేపటికి వాడన్న మొదటి మాట: ‘నది ఏదిరా?’ 277 మైళ్ళ పొడుగున ఈ లోయను తవ్వుకుంటూ పోయిన కొలరాడో నది అక్కణ్ణించి వెతికితే గానీ కనపడలేదు. కనపడ్డాక దారప్పోగంత ఉంది. వాడు ఆ తర్వాత గండికోట ఊసెత్తలేదు. ఇప్పుడు గండికోటనే ‘ఇండియా గ్రాండ్ కేన్యన్’ అంటున్నారని తెలిస్తే వాడేమంటాడో.

కుర్రాడికి రాళ్ళ గురించి బాగా తెలుసు, అది ఒప్పుకోవాలి. మనం నిలబడ్డ కైబాబ్ సున్నపురాయి వయసు 27 కోట్ల ఏళ్ళనీ, అట్టడుగున నల్లగా కనిపించే విష్ణు షిస్ట్ వయసు సుమారు 175 కోట్ల ఏళ్ళనీ ఒక్కో పొరా చూపించి చెప్పాడు. తర్వాత ‘మీ కోసం ప్రత్యేకం’ అంటూ ఒక టాబ్లెట్ తెరిచాడు. అందులో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, కృష్ణ ష్రైన్ అని లోయలోని శిఖరాలకు బాణం గుర్తులు. క్లారెన్స్ డట్టన్ అనే సైనికోద్యోగి 1880ల్లో ఇక్కడ సర్వే చేస్తూ ఈ శిఖరాలకు తూర్పుదేశాల దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు, తర్వాతివాళ్ళు అదే వరసలో పోయారు. మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది. బాగానే ఉంది. కానీ మా రోజుల్లో ఈ సంగతి ఎవరూ మాకోసం ప్రత్యేకంగా దాచి ఉంచలేదు. సర్వే వాళ్ళ మ్యాపు ఒకటి కొని, డేరాలో బోర్లా పడుకుని టార్చిలైటు వెలుగులో దారి వెతుకుతుంటే, ఒకడు గావుకేక పెట్టాడు: ‘ఒరేయ్, ఇక్కడ శివుడున్నాడ్రా!’ పక్క డేరావాళ్ళు పామనుకుని బయటికొచ్చారు.

‘ఇక నడుద్దామా?’ అన్నాను. నడిచాం. బ్రైట్ ఏంజెల్ దారిలో మొదటి సొరంగం దాకా. అంటే అంచు దిగీ దిగకముందే. వెనక్కి తిరగమన్నాడు. ఎందుకు బాబూ అంటే ఇన్సూరెన్స్ అన్నాడు, ఆపైన సూర్యాస్తమయానికి కుర్చీలు వేసి ఉన్నాయన్నాడు.

ఆ దారిలో మేం నాలుగున్నర మైళ్ళు దిగాం అప్పట్లో, మూడు వేల అడుగుల కిందికి. దిగేటప్పుడు పాటలు పాడాం. ఎదురుగా కంచరగాడిదల బారు వస్తే కొండవైపు ఒదిగి నిలబడాలి. వాటి మూత్రంతో దారి మలుపుల్లో మడుగులు కట్టి కంపు కొడుతుంటుంది. ఆ కంపు ఏ కరపత్రంలోనూ రాయరు. కిందికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. అట్టడుగున పైకంటే ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. తిరిగి ఎక్కేటప్పుడు తెలిసింది మా పని. కొండెక్కడం ముందూ దిగడం తర్వాతా అయితే ఒళ్ళు లెక్క చూసుకుంటుంది. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది, అలిసిపోయాకే ఎక్కుడు మొదలు. కడపవాడు మూడో మైలు రెస్ట్‌హౌస్ దగ్గర కూలబడి ‘నన్నిక్కడే వదిలెయ్యండి’ అన్నాడు. వాడి సంచి మేం మోశాం. వాణ్ణి తిట్టి, బతిమాలి, మిగిలిన పులిహోర తినిపించి లేపాం. పైకొచ్చేసరికి చుక్కలు పొడిచాయి. ఆ లోతు అంటే ఏమిటో నా పిక్కలు ఇప్పటికీ చెప్తాయి. కుర్చీలో కూర్చుని చూస్తే అది పటమే, ఎంత మంచి కుర్చీ అయినా.

అప్పట్లో ఆ దిగువన చెట్లున్న చోటును ఇండియన్ గార్డెన్ అనేవారు. అక్కడ పొలాలు చేసుకున్న హవసుపాయ్ జనాన్ని పార్కువాళ్ళు వెళ్ళగొట్టారు, ఆ పేరు మార్చి హవసుపాయ్ గార్డెన్స్ అని 2022లో పెట్టారు. ఇప్పటి మార్పుల్లో నేను గొణగనిది అదొక్కటే.

ఫోటోల సంగతి మరీ ఘోరం. కుర్రాడు మమ్మల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, చేతులు చాపించి రెండు వందల ఫోటోలు తీశాడు. ఆ దారి మొదట్లోనే కోల్బ్ అన్నదమ్ముల స్టూడియో ఉంది, 1904 నాటిది. కంచరగాడిదల మీద దిగేవాళ్ళకి పొద్దున ఫోటో తీసేవారు. పైన మంచినీళ్ళు లేవు కాబట్టి తమ్ముడు ఎమరీ ఆ ప్లేట్లు పట్టుకుని నాలుగున్నర మైళ్ళు కిందికి పరిగెత్తి, ఊటనీళ్ళలో కడిగి, మళ్ళీ పైకి పరిగెత్తుకొచ్చి, వాళ్ళు తిరిగొచ్చేసరికి ఫోటోలు సిద్ధంగా ఉంచేవాడు. కస్టమర్ సేవ అంటే అదీ! ఆ అన్నదమ్ములు 1911–12లో పడవల మీద నది వెంట దిగి తీసిన సినిమా ఎమరీ పోయిన 1976 దాకా ఆ స్టూడియోలో ఆడుతూనే ఉండేది. మేం నలుగురం అది చూసి, నిద్ర ఆగక అక్కడే కాసేపు కునుకు తీసి వచ్చాం.

దారిలో ఇదంతా ఏకరువు పెడుతుంటే మా అబ్బాయి ఊరుకోలేదు. ‘నాన్నా, లగ్జరీ మీ రోజులకంటే ముందే ఉంది’ అన్నాడు. 1901లో రైలు అంచుదాకా వచ్చింది, 1905లో ఎల్ తోవర్ హోటల్ కట్టారు, అక్కడ దిగే దొరలకోసం 120 మైళ్ళ అవతల నుంచి రైలు ట్యాంకుల్లో నీళ్ళు తెచ్చేవారు. ‘ఏ నీళ్ళని వాళ్ళనీ అడిగే ఉంటారు’ అన్నాడు. ఇంకో సంగతి కూడా తీశాడు. బ్రైట్ ఏంజెల్ దారిలో రాల్ఫ్ కామెరన్ అనేవాడు గేటు పెట్టి డాలరు చొప్పున వసూలు చేసేవాడని. అన్నీ నిజాలే. కాదనను. కానీ ఆ ఎల్ తోవర్ దొరలు కూడా కిందికి దిగాలంటే కంచరగాడిద ఎక్కాల్సిందే. సాక్షాత్తూ రూజ్‌వెల్ట్ అంతవాడు అలాగే దిగాడు. డబ్బు వాళ్ళకి మంచి పరుపు కొనిచ్చింది, పిర్రల నొప్పి తప్పించలేదు. నీళ్ళ మాటంటావా, ఇప్పటికీ సౌత్ రిమ్‌కి, అంటే మేం నిలబడ్డ దక్షిణపు అంచుకి, నీళ్ళు లోయ అవతలి ఊట నుంచి ఒకే ఒక పాత గొట్టంలో రావాలి. అది మాటిమాటికీ పగులుతుంది. 2024 ఆగస్టు చివర్లో పగిలితే హోటళ్ళన్నీ రాత్రి బస ఆపేశాయి. ఆ వారం ఎవరైనా ‘బుడగల నీళ్ళు’ అని టిక్కు పెట్టి ఉంటే ఏం చేశారో.

ప్యాకేజీలో హెలికాప్టర్ షికారు కూడా ఉంది, ఆ ముక్కను ఎక్కువ సాగదీయను. అంచు దాటే క్షణానికి సరిగ్గా చెవుల్లో గంభీరమైన సంగీతం మోగేలా పెట్టారు. గుండె జల్లుమనాల్సిన చోట ఎక్కడ జల్లుమనాలో వాళ్ళే చెప్తారన్నమాట. 1986లో ఒక హెలికాప్టరూ ఒక విమానమూ లోయ మీద ఢీకొన్నాక మరుసటేడు చట్టం చేసి, పార్కులో అంచుకంటే కిందికి దిగకుండా కట్టడి చేశారు. అందుకు ఆ చట్టానికి నమస్కారం.

తిరిగొస్తుంటే మా మనవడు నా పక్కకు జరిగాడు. ‘తాతయ్యా, నిజంగా అంత దూరం దిగారా?’ అన్నాడు. దిగామన్నాను. అట్టడుగున నది దగ్గర్లో 1922లో కట్టిన ఫాంటమ్ రాంచ్ ఉందనీ, అక్కడ పడుకోవాలంటే పదిహేను నెలల ముందే లాటరీలో పేరు వెయ్యాలనీ, డబ్బు ఎంతున్నా అంచు నుంచి నడక తప్పనిసరనీ, లేదంటే గాడిదే గతనీ చెప్పాను. వాడు అప్పుడే ఫోన్ తీసి వెతికాడు. ‘నీ పేరూ వేస్తున్నా తాతయ్యా’ అన్నాడు. ‘మీ నాన్నకి చెప్పకు’ అన్నాను, మోకాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చని.

కాస్సేపు చదివి మళ్ళీ అన్నాడు. ‘బ్యాగులు కంచరగాడిదల మీద పంపిస్తారట తాతయ్యా, విడిగా డబ్బు కడితే. కట్టేద్దామా?’