అట్టముక్క శాసనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వడ్డాదిని పాత శాసనాలు ఒడ్డవాది అంటాయి. ఇక్కణ్నుంచి మత్స్యవంశపు రాజులు ఏలారు. వాళ్లలో అర్జునుడనే రాజు 1269లో వేయించిన దిబ్బిడ రాగిరేకులు దానం సంగతికి ముందు వంశావళి చదువుతాయి. అదీ ఒక చేప కడుపున పుట్టిన సత్యమార్తాండుడి దగ్గర్నుంచి. నేను వ్యాఖ్యానించబోయే శాసనం రాగిరేకు మీద లేదు. వడ్డాది కూడలి పక్కన, ఒక పాత మోటార్‌సైకిల్ హ్యాండిల్‌కి పురికొసతో వేలాడే అట్టముక్క మీద ఉంది. లిపి తెలుగు. సిరా మార్కర్ పెన్నుది. కాలం మొన్నటి మాఘమాసం.

మా మేనల్లుడికి పాతదైనా సరే పెద్ద బండి కావాలి. నేను రిటైరైన తెలుగు మేష్టర్ని. బళ్ల గురించి నాకేం తెలుసని తోడు రమ్మన్నావురా అంటే, "చదవడం తెలుసు కదా మావయ్యా" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఈ టీక. మల్లినాథసూరి కాళిదాసుకు ‘సంజీవని’ రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకోగలను. రెండోది పెట్టుకుంటే తెలుగు మేష్టర్ని కాను. ఈ వ్యాఖ్య పేరు ‘సెల్ఫుసంజీవని’.

మూలం

సింగిల్ హ్యాండ్. షోరూం కండిషన్.
21 వేలే తిరిగింది. పైసా ఖర్చు లేదు.
పేపర్లన్నీ క్లియర్. అమ్మబడును.
ఫిక్స్‌డ్ రేటు 85,000. కొద్దిగా తగ్గును.

ప్రతిపదార్థం

సింగిల్ హ్యాండ్ = ఒక్క చేతి మీదనే నడిచినట్టి; షోరూం = దుకాణమందలి; కండిషన్ = స్థితి గలది, షరతు గలది అని శ్లేష; పైసా ఖర్చు లేదు = పైసలతో తేలెడి ఖర్చు లేదు, సర్వమును వేలలోనే అని భావము; క్లియర్ = ఉన్నవి కనబడును, లేనివి అడుగువరకు కనబడవు; కొద్దిగా = అడిగినవాని ముఖమును బట్టి.

అలంకారం

‘ఫిక్స్‌డ్ రేటు, కొద్దిగా తగ్గును’ అన్నచోట విరోధాభాసం. పైకి విరుద్ధంగా తోచి, బేరం మొదలవగానే పరిహారమవుతుంది కనక. ‘షోరూం కండిషన్’ అన్నది అతిశయోక్తి. ఛందస్సు ఏదీ లేదు. యతి మాత్రం ఉంది: రాసినవాడు ధర దగ్గర ఒకసారి ఊపిరి పీల్చుకుని తగ్గాడు.

శంక, సమాధానం

శంక: భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీద ఊరు పెట్టుకుని స్పోర్ట్ టూరింగ్ బండి ఎందుకు? ఆ గోతుల్లో ఆరో గేరు అధ్యాహారమే కదా? (అధ్యాహారం అంటే మూలంలో లేని పదాన్ని అర్థం కోసం తెచ్చి కలుపుకోవడం.)

సమాధానం: ఈ జాతి బండి పరుగు పందేనికి కాదు, దూరానికి. ముందు అద్దం, ఒంటికి తొడుగు ఉండేది గాలి ఛాతీ మీద కొట్టకుండా. హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉండేది వంద కిలోమీటర్ల తర్వాత కూడా నడుం మాట వినేలా. 2003లో హీరో హోండా కరిజ్మా వచ్చినప్పుడు మన కుర్రాళ్లకు ఈ రుచి తగిలింది. 2011లో హోండా సీబీఆర్ 250ఆర్ వచ్చాక ముదిరింది. వడ్డాది నుంచి మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కితే పాడేరు. నర్సీపట్నం పోయి కొండెక్కితే లంబసింగి మంచు. మనవాడి ముక్తిమార్గాలు ఈ రెండే కాబట్టి శంక నిలవదు.

ప్రమాణ చర్చ

అమ్మే ఆయన మమ్మల్ని చూడగానే, "సూసుకోండి మేష్టారూ, నొక్కితే ఎల్లిపోద్ది" అన్నాడు. మేం ఎనిమిదింటికి వస్తామన్నాం, ఎనిమిదింటికే వెళ్లాం. వెంట తెచ్చుకున్న చోడవరం మెకానిక్ బండిని చూడలేదు. వంగి ఇంజన్‌కి అరచెయ్యి దగ్గరగా పెట్టాడు. వెంటనే వెనక్కి తీసుకుని నా వంక చూశాడు. వేడి. మాకన్నా ముందే ఎవరో ఒకసారి స్టార్ట్ చేసి సిద్ధం చేశారు. చల్లటి ఇంజన్ చెప్పే నిజాలు వేడి ఇంజన్ చెప్పదు. "ఇడ్లీ తిని వస్తాం" అన్నాడు మెకానిక్. రెండు ప్లేట్లు, రెండు టీలు, కూడలిలో ఎండ ఎక్కేదాకా కబుర్లు. తిరిగొచ్చాక సెల్ఫు నొక్కితే నాలుగోసారికి అందుకుంది. సైలెన్సర్ చివర సన్నగా నీలం పొగ. ఇంజన్ లోపల ఎవరో గోళ్లతో బల్ల మీద తాళం వేస్తున్నట్టు టకటక.

పొగ ఉన్నచోట నిప్పుంటుందన్నది తార్కికుల అనుమాన ప్రమాణం. నీలం పొగ ఉన్నచోట ఇంజన్ ఆయిల్ తాగుతోందన్నది మెకానిక్కుల అనుమాన ప్రమాణం. పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగి ఉంటాయి. చలిలో మొదట వచ్చి ఆగిపోయే తెల్లావిరికి భయపడనక్కర్లేదు, అది నీరు. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే పైచేయి అన్నారు మీమాంసకులు. ఇక్కడ శ్రుతి అంటే చెవికి వినబడ్డ టకటక. స్మృతి అంటే అమ్మే ఆయన జ్ఞాపకం.

పాఠ పరిష్కరణ

‘21 వేలే తిరిగింది’ అన్న పాదం ప్రక్షిప్తమని నా అభిప్రాయం. మీటర్‌లో ఆ అంకె ఉన్నమాట నిజమే. కాని మీటర్ ఒక్కటే రాతప్రతి కాదు. ఫుట్‌రెస్టు రబ్బరు గీతలు పోయి నున్నగా ఉంది. బ్రేకు పెడల్ అంచు మెరుస్తోంది. వెనక స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు వంగి కొక్కేల్లా తయారయ్యాయి, గొలుసును పట్టి లాగితే పంటి మీంచి లేస్తోంది. ముందు ఫోర్కు మీద వేలితో రాస్తే ఆయిల్ జిడ్డు, అంటే సీలు పోయింది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న పట్టు, అంటే కోన్ సెట్ అరిగింది. ఇన్ని ప్రతులు ఒకమాట చెబుతుంటే మీటర్ ఒక్కటీ వేరే పాఠం ఇస్తోంది.

కుడివైపు తొడుగు ఎరుపు ఎడమవైపు ఎరుపు కన్నా ఒక పిసరు లేత. అదీ తర్వాత చేర్చిన శ్లోకమే. తొడుగు కింద ఇంజన్ పక్కన గీతలు దాక్కుని ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన వచ్చాక ఈ తరం బళ్లు కొన్ని ఆగిపోయాయి. అలాంటి బండికి తొడుగు ముక్క వెతకడమంటే శిథిల తాళపత్రానికి జత ఆకు వెతకడమే.

టైరు పక్కన నాలుగంకెలు చదవడం ఆరోజే నేర్చుకున్నాను. 1418 అంటే 2018లో 14వ వారం. మన చాళుక్య శాసనాల్లో తిథి నక్షత్రాల లెక్క తేల్చడానికి పండితులు కొట్టుకు చచ్చారు. టైరు శాసనానికి ఆ గొడవ లేదు.

వ్యాకరణ విశేషం

ఇక అసలు చిక్కు ‘అమ్మబడును’ దగ్గర. కర్మణి ప్రయోగం. రాముని చేత రావణుడు చంపబడెను అన్నప్పుడు రాముడున్నాడు. ఇక్కడ బండి ఎవని చేత అమ్మబడును? కర్త లేడు. బళ్లో పిల్లాడు ఇలా రాస్తే సున్నా వేసేవాణ్ని. అదే అడిగాను.

"ఏటి మేష్టారూ, అనుమానమేటి? నేనే కదా" అన్నాడాయన.

ఆర్సీ చూస్తే పేరు వేరు. వంశావళి విప్పించాను. మొదట విశాఖలో ఒక కుర్రాడు, అతని దగ్గర కొన్న స్నేహితుడు, ఆ స్నేహితుడి దగ్గర్నుంచి ఈయన. ముగ్గురి చేతులు మారినా ఆర్సీ మొదటి కుర్రాడి పేరు మీదే ఉంది. ‘సింగిల్ హ్యాండ్’ కాగితం మీద సత్యమే! సంతకం చేసిన ఖాళీ ఫారాలు మాత్రం చేతులు మారుతూ వచ్చాయి.

చట్టం చెప్పేది తేలిక. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాడు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30. అప్పుంటే తీరినట్టు ఫారం 35. ఇవి లేకపోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చింది: చేతులు ఎన్ని మారినా ప్రమాదం జరిగితే పరిహారానికి రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడు. ఎవరో నడిపిన బండికి విశాఖలో నిద్రపోతున్న ఆ కుర్రాడు కర్త. పైగా 2012 బండి, ఏపీ 31 నంబరు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ 2027లో తీరుతుంది, మళ్లీ పొడిగించుకోవాలి. వడ్డాది 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలోకి మారింది. బండి పేరు మాత్రం మారలేదు.

తాత్పర్యం

"కర్తను తీసుకురండి, అప్పుడు క్రియ సంగతి చూద్దాం" అని వచ్చేశాం. మేనల్లుడు మొహం ముడుచుకున్నాడు. దారిలో వాడి కోసం ఒక ఆటవెలది కట్టాను:

పొగను చూడవలయుఁ బొద్దున్నె స్టార్టుతో
చెవిని యొగ్గి వినుము చేతఁ దడిమి
కర్త యెవడొ తెలియఁ గాగితమ్ముఁ జదువు
బేర మంత పిదపఁ బెట్టుకొనుము

"యతి కుదిరింది మావయ్యా, బండే కుదర్లేదు" అన్నాడు.

పది రోజులకు కబురొచ్చింది. కర్త వచ్చాడు. బక్కపల్చటి మనిషి, చంకలో హెల్మెట్. మాతో మాట్లాడకముందే ట్యాంకు మీద రెండుసార్లు తట్టాడు. "లంబసింగికా?" అని మావాణ్ని అడిగాడు. మేమేమీ అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు: తన దగ్గరే నలభై వేలు దాటి తిరిగిందనీ, పాడేరు ఘాట్‌లో ఒక మలుపులో కుడివైపు పడిందనీ, ఆ తొడుగు తానే వేయించాడనీ, చలికాలం నాలుగోసారికి గానీ అందుకోదనీ. అట్టముక్క కట్టిన ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ధర యాభై ఎనిమిది వేల దగ్గర ఆగింది. ఫారాల మీద సంతకాలు నా కళ్ల ముందే అయ్యాయి.

నా టీకలో నేను ఇన్నాళ్లూ తవ్వి తీసిన విశేషాలన్నీ అతను రెండు నిమిషాల్లో చెప్పేశాడు. కర్త ఎదురుగా నిలబడి నిజం చెబితే వ్యాఖ్యాతకు పని ఉండదు. అట్టముక్క విప్పి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఇంతవరకూ మీరు చదివింది దాని వెనకవైపే రాశాను, చోటు చాలక మిగతాది ఇడ్లీ పొట్లం కాగితం మీద.