కొన్న నీళ్ళు

నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలంటే ముందు సైకిలు సంగతి చెప్పాలి. దాన్ని గ్రావెల్ బైక్ అంటారు. చూపుకి రేసు సైకిలే. టైరు మాత్రం వెడల్పు, దాదాపు 40 మిల్లీమీటర్లుంటుంది. తారు అయిపోయిన చోట కూడా ఆగకుండా సాగిపోవడానికి చేసిన బండి అది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో ఫ్లింట్ హిల్స్ అనే గడ్డి గుట్టలున్నాయి. ఆ గుట్టల మధ్య కంకర దారుల మీద 2006 నుంచి 200 మైళ్ళ పందెం నడుస్తోంది. ఇప్పుడు దాన్ని అన్‌బౌండ్ అని పిలుస్తున్నారు. ఆ వీడియోలు చూసీ చూసీ నాకొక ఆలోచన పుట్టింది. మన నెల్లూరు పడమటి మెట్టకు ఏం తక్కువ? కొండలున్నాయి, ఏర్లున్నాయి, ఎర్రమట్టి గ్రావెల్ దారులకు కొదవే లేదు. ఆ ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఆ దారిన నేను పోయిన తీరుకే సిగ్గుపడుతున్నాను.

ఉదయగిరి కొండ ఎత్తు 3,079 అడుగులు. ఊళ్ళో నిలబడి తల ఎత్తితే బండ నిలువుగా కళ్ళకెదురొస్తుంది. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్నాడు. ముట్టడి ఏడాదిన్నర సాగిందని గుర్రాల వర్తకానికి వచ్చిన పోర్చుగీసువాడు న్యూనిజ్ రాశాడు. సైన్యం బురుజుల దాకా ఎక్కడానికి రాయలు కొండల్లో పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి దారులు వేయించాడట. ఒక రాజ్యం బలమంతా పెట్టి, ఏడాదిన్నర ఓపికపట్టి వేసుకున్న దారులవి. ఇది నేను చదివే వెళ్ళాను. చదివిందాన్ని వంటబట్టించుకోలేదు.

నేను గీసుకున్న దారి ఇది. ఉదయగిరిలో బయల్దేరి వెలిగొండల తూర్పు అంచు వెంబడి దక్షిణంగా మర్రిపాడు, అక్కణ్ణుంచి ఆత్మకూరు, తర్వాత అనంతసాగరం చెరువు, చివర సోమశిల. పెన్న 597 కిలోమీటర్ల నడకలో వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి దిగేది సోమశిల దగ్గరే. తారు రోడ్డున పోతే పెద్ద కష్టం లేదు. నేను డొంకలూ, కాలువ గట్లూ, కొండ కింద బండిబాటలూ ఏరుకుని ఫోనులో శాటిలైట్ పటం మీద గీత గీసుకున్నాను. ఆ గీత పక్కన రెండే అంకెలు కనబడేవి, ఎంత దూరం, ఎంత ఎత్తు. ఆ రెండూ తెలిస్తే దారంతా తెలిసినట్టే అనుకున్నాను.

బయల్దేరింది మే నెలలో, కత్తిరి ఎండల్లో. వానలు పడితే డొంకలు బురదవుతాయి కాబట్టి ఎండాకాలమే మేలని నాకు నేనే తేల్చుకున్నాను. మధ్యలో చలికాలం అనేది ఒకటుందని ఎందుకు తట్టలేదో!

రెండో తప్పు గాలి. తారు రోడ్డు అలవాటుతో టైర్లు రాయిలా ఉండేట్టు 60 పాయింట్లు కొట్టించాను. గట్టి టైరు తారు మీద జారుకుంటూ పోతుంది కానీ గులకరాయి తగిలితే ఎగిరిపడుతుంది. ప్రతి దెబ్బా చేతుల్లోకి, నడుంలోకి ఎక్కుతుంది. నా బరువుకి 35 చాలు. గాలి తగ్గితే టైరు రాయి మీద కాస్త ఒదిగి, పట్టు వదలకుండా దాటుతుంది. అయితే లోపల ట్యూబు ఉన్నప్పుడు గాలి మరీ తగ్గిస్తే, అది రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి చిరుగుతుంది. అందుకే ఈ దారులకు ట్యూబు లేని టైరు వేసి, లోపల సీలెంట్ ద్రవం పోసుకోవాలి. ముల్లు దిగినా ఆ చిల్లు తనంతట తనే పూడుకుంటుంది. నేను ట్యూబులతోనే పోయాను.

మర్రిపాడు ఇవతల గొర్రెలు తోలుకొస్తున్న ఒక కుర్రాడు నన్ను చూసి ఆగాడు. "ఆ డొంకలో పోబాకన్నా, అంతా చిల్లకంపే. గట్టు మీద పో" అన్నాడు. నేను ఫోను చూశాను. గట్టు మీద పోతే దూరం ఎక్కువ. ఆ పిల్లవాడు రోజూ ఆ నేల మీదే తిరుగుతాడు. అతని మాట పక్కనబెట్టి, ఎక్కడో ఆకాశం నుంచి తీసిన బొమ్మను నమ్మాను. డొంకలో కాస్త దూరం పోగానే ముందు టైరు దిగిపోయింది. చిల్లకంప ముల్లు ఒకటి, పక్కన పల్లేరుకాయలు మూడు నాలుగు. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పంక్చరు వేసి చక్రం బిగించేసరికి వెనక టైరూ మెత్తబడింది. ఆ పైన దారికి అడ్డంగా ఎండిన వాగు. పటంలో అది తెల్లగా, చదునుగా, దారిలాగే కనబడింది. దిగితే చక్రం ఇసకలో కూరుకుపోయింది. ఆ మిట్టమధ్యాహ్నం సైకిలు భుజానికెత్తుకుని దాటాను. తెచ్చుకున్న నీళ్ళు అక్కడే అయిపోయాయి. ఏ ఊళ్ళోనైనా బోరింగు ఉండకపోతుందా అనే ధీమాతో వచ్చినవాణ్ణి.

అవతల పది ఇళ్ళ పల్లె. పంచలో కూర్చున్న అవ్వ నన్ను చూసి లేచింది. "యాడికి నాయనా ఈ ఎండలో?" అంటూ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. సగం తాగి, మిగతా సగం నెత్తిన పోసుకున్నాను. ఆమె ఇంకో చెంబు తెచ్చింది. దాన్నీ మొహం మీద కుమ్మరించుకోబోతుంటే మెల్లగా చెయ్యి పట్టుకుంది.

"తాగేదానికైతే ఎంతైనా తాగు నాయనా. ఇవి కొన్న నీళ్ళు. మొగం కడుక్కునేదానికి తొట్లో ఉండాయి, రా."

ఆ గొంతులో కోపం లేదు. గుమ్మం లోపల ఇరవై లీటర్ల క్యాను బల్ల మీద ఒరిగి ఉంది. అడుగున కొద్దిగా నీళ్ళున్నాయి. నేను నెత్తిన పోసుకున్నవి అందులోవే.

ఉదయగిరి వైపు నేలనీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని నాకు తెలియనిది కాదు. ఆత్మకూరులో చదువుకున్నవాణ్ణి. పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లలు నా పక్క బెంచీలోనే కూర్చునేవాళ్ళు. బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయనీ, కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదనీ, పైగా నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుందనీ తెలుసు. అన్నీ తెలిసి కూడా, సైకిలెక్కగానే అది నాకు మనుషులున్న నేలగా కాక ఎత్తుపల్లాల గీతగా మాత్రమే కనబడింది. ఎండనూ ముళ్ళనూ తక్కువ అంచనా వేయడం ఎవరైనా చేసే పొరపాటు. తెలిసిన సంగతిని ఇంట్లో వదిలేసి వచ్చి, ఒక ముసలావిడ తాగే నీళ్ళు నెత్తిన గుమ్మరించుకోవడం మాత్రం నేను చేసిన తప్పు. డబ్బిస్తానంటే ఆమె తీసుకోలేదు. ఆమెకు ఆ మాట చెప్పడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది.

సాయంత్రానికి సోమశిల చేరాను. రెండు కొండల మధ్య డ్యాం, వెనక ఎండకు తగ్గినా ఇంకా కనుచూపు మేర నీళ్ళు. నిండితే 78 టీఎంసీలు పట్టే జలాశయం. తెలుగుగంగ పథకంలో శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీళ్ళు ఈ సోమశిల మీదుగానే కండలేరుకూ, అటు నుంచి చెన్నైకీ పోతాయి. చెన్నై వాటా ఏడాదికి 12 టీఎంసీలు. చెన్నై దాహం తీరడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ గట్టు మీద నిలబడితే, ఉత్తరాన అంత దగ్గర్లో నీళ్ళు కొనుక్కుని తాగే పంచ ఒకటుందని మరిచిపోవడం నా వల్ల కాలేదు. శుద్ధి చేసిన నది నీళ్ళు గొట్టంలో ఆ గుమ్మం దాకా రావాలి. మెట్ట ఊళ్ళకు అన్నిటికంటే ముందు జరగాల్సిన పని అదే.

సైకిలు తొక్కేవాళ్ళు ఈ దారికి రావాలనే నా కోరిక. ఇంత అందమైన నేలను చూడకుండా ఎక్కడి గుట్టలకో ఆశపడనక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి, సంక్రాంతి దాటాక ఫిబ్రవరి లోపల రండి. చప్టా మీద నీళ్ళు పారుతుంటే దిగొద్దు. వెలిగొండ వైపు ఎర్రచందనం ఉన్న రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం పెట్టొద్దు. గాలి తగ్గించండి, సీలెంట్ పోయించండి, గొర్రెల కాపరి చెప్పిన దారినే పోండి. మీ నీళ్ళు మీరే తెచ్చుకోండి, మనిషికి నాలుగు లీటర్లకు తగ్గకుండా. ఎవరైనా చెంబు చేతికిస్తే తాగండి. మొహం కడుక్కోవాలంటే తొట్టి ఎక్కడుందో అడగండి.