సూట్‌కేసు పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరోలో ఎమ్మెస్సీ చదవడానికి సెప్టెంబరులో బయల్దేరుతున్న ఒక హైదరాబాదు కుర్రాడికి, అక్కడ ఒక చలికాలం గడిపిన సీనియరు వాట్సాప్‌లో పంపిన పద్యమిది. అప్పటికే హాల్లో సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. 23 కిలోలు దాటకూడని ఆ పెట్టెలో మేనత్త ముచ్చటపడి కొన్న తోలు జెర్కిను ఒక్కటే సగం చోటు ఆక్రమించింది. దాన్ని దించడమే కావ్యప్రయోజనం.

మేని కంటెడు థర్మలు, మీద నున్ని,
వాన గాలుల కడ్డుగా పైన కోటు;
గొడుగు నమ్మకు నాయనా! కొండగాలి
దాని నెగరేసి కడలికి దానమిచ్చు.

టీక: మేనికంటెడు = ఒంటిని పట్టి ఉండే (వదులైనచో సందులోంచి గాలి దూరును; కావున వచ్చే ఏటికీ పనికొస్తుందని ఒక సైజు పెద్దది కొనరాదు); థర్మలు = పల్చని లోచొక్కా, లోపాంటు; మీదన్ = దానిపై; ఉన్ని = ఉన్ని స్వెటరు, లేదా ఫ్లీసు; వానగాలులకు అడ్డుగా = ఆ రెండూ కలిసే వచ్చును గనుక రెంటినీ ఆపునట్లుగా; పైన కోటు = తలకు హుడ్ గల వాటర్‌ప్రూఫ్ జాకెట్టు; నాయనా = ఓ కుమారుడా (మన ఇళ్లలో కూతుర్నీ ఇలాగే పిలుస్తారు గనుక విద్యార్థినులకూ వర్తించును); గొడుగు నమ్మకు = స్పష్టము; కడలికి = ఊరి ఉత్తరాన ఉన్న ఫోర్త్ సముద్రపు పాయకు; దానమిచ్చు = మళ్లీ చేతికి రాకుండా ఇచ్చివేయును.

తాత్పర్యం: మందపాటిది ఒకటి వద్దు, పల్చనివి మూడు కావాలి.

విశేషాలు: ఇక్కడ ఒక పూర్వపక్షం. జనవరిలో ఎడిన్‌బరో పగటి వేడి 7 డిగ్రీల దాకా ఉంటుంది, రాత్రికి ఒకటి రెండుకు దిగుతుంది. లంబసింగిలోనూ, ఆదిలాబాదులోనూ మనవాళ్లు ఇలాంటి చలి చూసినవారే. దీనికింత శాస్త్రం ఎందుకు? సమాధానం: మన చలికి పది గంటల ఎండ విరుగుడు. అక్కడ డిసెంబరులో సూర్యుడు ఎనిమిదీ నలభైకి లేచి మూడూ నలభైకల్లా వెళ్లిపోతాడు. పైగా తడి, పైగా ఈదురుగాలి. ఒంటిని వెచ్చగా ఉంచేది గుడ్డ పోగుల నడుమా, పొరల నడుమా కదలకుండా నిలిచిన గాలి. నూలు తడిస్తే ఆ ఖాళీల్లోకి నీళ్లు చేరి వెచ్చదనం కాస్తా పోతుంది. ఉన్ని కొంత తడిసినా అంత తొందరగా చేతులెత్తేయదు. జీన్సు గురించి కవి ఒక్క మాటా అనలేదు. నూలే గనుక, ఆ మౌనాన్ని నిషేధంగానే గ్రహించాలి. వానలో తడిసిన జీన్సు హాస్టలు గదిలో ఎన్నటికి ఆరుతుందో ముందుగా చెప్పగల జ్యోతిష్కుడు లేడు.

మూడు పొరలలోని అసలు గుట్టు విప్పుకునేటప్పుడు తెలుస్తుంది. పొద్దున లేత ఎండ, పదకొండింటికి జల్లు, మధ్యాహ్నం మళ్లీ ఎండ, నాలుగింటికి చీకటి. బయట వణుకు, బస్సులో, క్లాసులో, లైబ్రరీలో హీటర్ల వెచ్చదనం. పొరలున్నవాడు ఒక్కొక్కటే తీసి కుర్చీకి తగిలిస్తాడు. జెర్కిను ధరించినవాడికి రెండే గతులు: లోపల చెమట, బయట చలి.

“పైన కోటు” ఎక్కడ కొనవలెనో కవి చెప్పలేదు. అక్కడే కొనాలని ఈ వ్యాఖ్యాత అభిప్రాయం. వానకోటు ఆ దేశపు సొంత విద్య. గ్లాస్గోకు చెందిన చార్లెస్ మాకింటాష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు గుడ్డల మధ్య పూసి, 1823లో పేటెంటు పొందాడు. ఆ కోటు వానను ఆపింది గానీ చెమటనూ లోపలే ఆపింది. ఇప్పటి మంచి జాకెట్లు నీటి బొట్టును రానివ్వవు, చెమట ఆవిరిని పోనిస్తాయి. ఇక మన బజారు సంగతి చూడండి. టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు వెలిసేది చలికాలం మొదట్లో. ప్రయాణాల షాపింగు ఆగస్టులో. అప్పుడు దొరికేది నిరుటి సరుకు. ఎడిన్‌బరోలో స్టాక్‌బ్రిడ్జి పేటలో ఛారిటీ షాపులు వరసగా ఉంటాయి, ఒకరు వాడి ఇచ్చిన మంచి కోటు తక్కువ ధరకే దొరకవచ్చు. “ఎవరో తొడిగింది మనకెందుకు” అని ఇంట్లో అంటే, ఈ భాగం చదివి వినిపించవద్దు.

“కొండగాలి” దగ్గర వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. ఊరి నడుమ 251 మీటర్ల ఎత్తున నిలిచిన ఆర్థర్స్ సీట్ కొండ మీది గాలి అని ఒకరు, ఉత్తర సముద్రం మీది గాలికి కవి ప్రాస కోసం కొండను తగిలించాడని ఇంకొకరు. తేటగీతికి ప్రాసనియమం లేదు గనుక రెండోవారిది శుద్ధ తప్పు. ఈ గాలికి ఆప్తవాక్యం కావాలంటే 1850లో అక్కడే పుట్టిన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఉన్నాడు. ఊరి అందాన్ని మెచ్చుకుంటూనే దాని వాతావరణాన్ని కడిగిపారేసి, చివరికి సమోవా దీవుల్లో కాపురం పెట్టాడు.

నాయనమ్మ ఫోనులోని ప్రతిలో ఐదో పాదం ఒకటి కనిపిస్తున్నది:

మంకిటోపిని మరువకు మనుమడయ్య!

యతి చక్కగా కుదిరింది, గణాలూ సరిపోయాయి. కానీ తేటగీతికి నాలుగే పాదాలు గనుక ప్రక్షిప్తమే. కుర్రాడు కూడా ఇది ప్రక్షిప్తమేనని గట్టిగా వాదిస్తున్నాడు. అయితే చెవులూ మెడా గడ్డమూ ఒకేసారి కప్పే ఆ టోపీని ఇంగ్లీషువాళ్లు బాలక్లావా అంటారు. క్రిమియా యుద్ధంలో 1854లో బ్రిటిషు సేనలు పోరాడిన ఊరి పేరది. కనుక నాయనమ్మ పాదానికి వాళ్ల చరిత్రలోనే ప్రమాణం ఉంది. బరువూ పెద్దగా లేదు. పెట్టెలో ఉండనివ్వవచ్చు, ఎయిర్‌పోర్టులో అందరితో ఫొటో దిగేటప్పుడు పెట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం కుర్రాడూ నాయనమ్మా తేల్చుకోవలసిన విషయం.