పెంకి ఘటం

ప్రతి కాలనీలోనూ ఇలాంటాయన ఒకరు ఉంటారు. పిల్లలు స్థిరపడ్డారు, బ్యాంకు అప్పు తీరింది, చేవెళ్ళ దారిలో కొన్న అర ఎకరంలో మామిడి మొక్కలు భుజాల దాకా ఎదిగాయి. ఇక ఆ చెట్ల మధ్య నాలుగు స్తంభాల మీద ఎర్ర పెంకుల మండపం ఒక్కటి లేస్తే జన్మ ధన్యం. ఆయన దాన్ని గెజిబో అంటాడు. ఆవిడ పాక అంటుంది. చుట్టాలు మాత్రం ఆయన్నే పెంకుల బాబాయి అంటారు.

బాబాయికి మనుషుల ముఖాలు గుర్తుండవు, ఇంటి కప్పులు గుర్తుంటాయి. పరామర్శకు వెళ్ళినా చూపు చూరు మీదే. "పెద్దాయన కట్టించిన ఇల్లేనా ఇది?" అని నిట్టూర్చి, కాసేపాగి, గొంతు తగ్గించి, "ఎప్పుడు పడగొట్టిస్తున్నారు?" అని అడుగుతాడు. అలాంటి ఆలోచనేదీ లేదని తెలిస్తే ఆ ఇంటివాళ్ళకన్నా ఎక్కువ దిగులుపడతాడు.

పాత ఇళ్ళ తలుపులూ కిటికీలూ అమ్మే దుకాణాలకు ఆయన దేవుడిచ్చిన బేరం. అక్కడ పెంకు తిరగేసి చూస్తే బాసెల్ మిషన్ పేరు, కింద 1865 అనే అంకె ఉబ్బెత్తుగా కనిపించాయి. బాబాయి కళ్ళు చెమర్చాయి. నూటయాభై ఏళ్ళు దాటిన పెంకు! నిజానికది మంగుళూరులో నేత్రావతి తీరాన ఆ మిషన్ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. మిఠాయి డబ్బా మీద 'స్థాపితం' అని వేసిన ఏడే లడ్డూ చుట్టిన ఏడు కానట్టు, ఆ పెంకు ఎప్పటిదో ఆ అంకె చెప్పదు. దుకాణదారుకు ఈ సంగతి తెలుసు. అయినా చరిత్ర మీద భక్తి ఉన్నవాళ్ళ మనసు నొప్పించడం ఆయన పద్ధతి కాదు.

ఇంటికి తెచ్చిన నమూనాలకు పరీక్షలు మొదలవుతాయి. ముందు వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే పచ్చిదో పగిలిందో అయినట్టు. తరువాత వంటింటి త్రాసు మీద పొడి పెంకు తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, మళ్ళీ తూచాలి. రెండున్నర కిలోల పెంకు రెండు కిలోల తొమ్మిది వందలకు పెరిగిందంటే నూటికి పదహారు వంతుల నీరు తాగిందన్నమాట. ఎంత తక్కువ తాగితే అంత మంచిది. ఈ లెక్క పిన్నికి కూడా కంఠతా వచ్చేసింది, స్నానాల బకెట్టు ఖాళీగా ఉంటేగా!

నేల మీదికి ఆత్తంగుడి టెర్రకోట పలకలు వేయిద్దామని ఇంకో ఆలోచన. చెట్టినాడులో తయారయ్యే ఆ రంగురంగుల పలకలు సిమెంటువనీ, గాజు మీద పోతపోసి నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారే తప్ప బట్టీలో కాల్చరనీ మేస్త్రీ చెప్పాడు. బాబాయి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అసలు మట్టి పలకలే వేద్దామంటే పిన్ని అడ్డుపడింది. మెరుగుపూత లేని మట్టి పలక మీద ఆవకాయ నూనె చుక్క పడితే లోపలికి ఇంకిపోతుంది, వానాకాలం నీడపట్టున పాకుడు పడుతుంది. "అక్కడ జారి పడేది నేనే" అంది. నాపరాళ్ళు ఖాయమయ్యాయి.

మేస్త్రీతో అసలు యుద్ధం వాలు దగ్గర. బాబాయి ఫోనులో చూపించే బొమ్మలో కప్పు ఇంచుమించు బల్లపరుపు. పది అడుగుల వెడల్పుకు నడిమి కొప్పు రెండున్నర అడుగులు లేవాల్సిందే, లేకపోతే ఈదురుగాలికి వాననీళ్ళు పెంకుల అతుకుల్లోంచి వెనక్కి తంతాయంటాడు మేస్త్రీ. స్తంభాలు వెదురువి కావాలని బాబాయి. నూరు చదరపు అడుగులకు నూటయాభై పెంకులు, చూరుతో కలిపి రెండు వందల నలభై, అంటే ఆరు వందల కిలోలు, తడిస్తే మరో తొంభై పైచిలుకు. మేస్త్రీ ఈ లెక్క సిమెంటు సంచి మీద బొగ్గుతో రాసి చూపించాక ఇనుప గొట్టాలు వచ్చాయి. వాటికి చెక్క రంగు వేయించుకుని బాబాయి పరువు నిలబెట్టుకున్నాడు.

చివరికి సరుకు మంగుళూరు నుంచే రావాలన్నాడు. ఏడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. రెండు వందల నలభై పెంకులకు లారీ రాదు కాబట్టి ఆరు వందలు తెప్పించాడు. పెంకుల బిల్లు కన్నా కిరాయి బిల్లు పెద్దది. పిన్నికి మొదటిదే చూపించాడు.

మండపం చూడటానికి పక్క పొలం రైతు వచ్చాడు. "గీ పెంకలు కొన్నరా సారు? మా ఇంట్ల ఎన్నున్నయో! కోతులు రోజూ పీకి పారేస్తుంటే ఏగలేక రేకులేసుకున్నం. కొట్టం ఎనక కుప్పవోసినం, తీస్కపోండ్రి."

బాబాయి పరుగున వెళ్ళి, ఒక పెంకు మట్టి తుడిచి చూశాడు. మంగుళూరు ముద్ర! ఇక అరగంట సేపు నేత్రావతి బంకమట్టి, మిషనరీల బట్టీలు, సముద్రాలు దాటి వెళ్ళిన ఎగుమతులు, గాడి పడే పెంకుకూ కుమ్మరి గూన పెంకుకూ తేడా అన్నీ వివరించాడు. రైతు ఓపిగ్గా విన్నాడు.

"గంత కథ ఉన్నదా సారు దీనికి? అయితే ఒక్కోటి యాభై ఇయ్యుండ్రి."

బాబాయి నలభైకి బేరమాడుతున్నాడు. మంగుళూరు లోడులో మిగిలిన మూడు వందల చిల్లర పెంకులు పొలం గట్టున ఇంకా కట్లు విప్పకుండానే ఉన్నాయి.